బబూస్యా నేర్పిన మాటలు

స్కూలు ఇంటర్వ్యూలో నేహాని అడిగినవి రెండే ప్రశ్నలు. నీ పేరేంటని అడిగితే "మెనే జ్వాతి నేహా" అంది. ఎర్ర ఆపిల్ బొమ్మ చూపించి ఇదేం రంగని అడిగితే "చెర్వొనే" అంది, కాళ్ళు ఊపుకుంటూ, ఎంతో ధీమాగా. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి శేషగిరి వంక చూసింది.

"బచ్చీకి మాటలు రావట్లేదు మిస్టర్ శేషగిరి. ఒకసారి డాక్టరుకి చూపించండి. వచ్చే ఏడాది చూద్దాం."

"అది ఉక్రేనియన్ మేడమ్. మేము కీవ్ నుంచి వచ్చాం. సరిగ్గానే చెప్పింది" అంది పక్కన కూర్చున్న మల్లేశ్వరి. హెడ్‌మిస్ట్రెస్ వినలేదు. తర్వాతి పిల్లని పిలిచేసింది.

ఢిల్లీ శివారు వైశాలిలో ఇంటికి ఆటోలో తిరిగొస్తూ, శేషగిరి గాజీపూర్ దాటాక అన్నాడు. "ఇవాళ్టి నుంచి ఆ భాష మనింట్లో వినపడకూడదు మల్లీ. హిందీ, ఇంగ్లీషు. అంతే."

"తెలుగో?"

"తెలుగు ఎక్కడికి పోతుంది, అర్థమవుతూనే ఉందిగా. ముందు స్కూల్లో సీటు రానీ."

నేహా అమ్మ ఒళ్ళో కూర్చుని రోడ్డు పక్కన గేదెల్ని చూస్తూ ఏదో పాడుకుంటోంది. ఆ పాట హలీనా నేర్పింది.

హలీనా కీవ్‌లో వాళ్ళ ఎదురింటావిడ. శేషగిరిని మందుల కంపెనీవాళ్ళు కీవ్ ఆఫీసుకి పంపినప్పుడు దీపూకి మూడేళ్ళు, నేహా కడుపులో ఉంది. తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు, ఎప్పుడు పనిచేస్తుందో తెలియని లిఫ్టు. శేషగిరి నెలలో సగం రోజులు ఖార్కివ్ అనో ఒదెస్సా అనో టూర్లలోనే ఉండేవాడు. మల్లేశ్వరికి బజారులో ఉప్పు అడగడం కూడా రాదు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఎదురు తలుపు తెరుచుకుని, తలకి గుడ్డ కట్టుకున్న పెద్దావిడ వేడివేడి బంగాళాదుంపల గిన్నె పట్టుకుని వచ్చింది. రిటైరైన నర్సు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చుట్టుపక్కల అందరూ రష్యన్ మాట్లాడుతుంటే, పల్లె నుంచి వచ్చిన హలీనా మాత్రం ఉక్రేనియనే మాట్లాడేది.

జనవరిలో నొప్పులొచ్చిన రోజు శేషగిరి ఊళ్ళో లేడు. మంచు మోకాలి లోతున ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే వస్తుందో రాదో చెప్పలేమన్నారు. హలీనా దీపూని పొరుగువాళ్ళకి అప్పగించి, మల్లేశ్వరి నడుం పట్టుకుని మెట్లు దింపి, కూరగాయల లారీ ఒకటి ఆపి, డ్రైవర్‌ని తిట్టి ఒప్పించి, అందులో ఎక్కించి, ప్రసూతి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి నర్సుల్లో పాత స్నేహితురాళ్ళుండబట్టి లోపలికి రానిచ్చారు. నేహాని మొదట ఎత్తుకున్నది ఆవిడే. శేషగిరి వచ్చేసరికి పిల్లకి నాలుగో రోజు.

కాన్పు తర్వాత మల్లేశ్వరి చాన్నాళ్ళు కోలుకోలేదు. నేహా హలీనా ఒళ్ళోనే పెరిగింది. పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి మాట 'బబూస్యా', అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. అది విని హలీనా గోడవైపు తిరిగి నిలబడింది కాసేపు. వేసవిలో తన చిన్న తోట నుంచి పుల్లటి ఆకుకూర తెచ్చేది, అచ్చం మన చుక్కకూరే. మల్లేశ్వరి దాన్ని పప్పులో వేస్తే హలీనా రొట్టెతో నంజుకు తిని, మా సూపు కంటే ఇదే బాగుందనేది. ఆవిడ పక్కన కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ తీస్తూ మల్లేశ్వరి కూడా ఆ భాష నేర్చేసుకుంది. శేషగిరికి మాత్రం నమస్కారం, థాంక్స్ దాటి రాలేదు. ఆయనకి ఆఫీసులో దుబాసీ ఉండేది.

తిరిగొచ్చేటప్పుడు హలీనా విమానాశ్రయానికి రానంది. గుమ్మంలోనే నిలబడి "అప్పుడప్పుడూ దాని గొంతు వినిపించు, చాలు" అంది. శేషగిరి ఇంగ్లీషులో "ష్యూర్, ష్యూర్" అన్నాడు.

ఆటోలో చెప్పిన మాట మీద శేషగిరి నిలబడ్డాడు. ఆయన పిల్లల్ని కొట్టే మనిషి కాదు, గొంతు పెంచే మనిషీ కాదు. అందుకే మల్లేశ్వరికి ఎదురుచెప్పడం కష్టమైంది. దీపూ రెండు నెలల్లో మారిపోయాడు. కిందింటి పిల్లలతో క్రికెట్ ఆడి హిందీ పట్టేశాడు, పైగా తండ్రికి వేగులవాడయ్యాడు. "పాపా, నేహా ఫిర్ సే బోలీ!" అని, చెల్లి మళ్ళీ ఆ మాటలే అందని చాడీ చెప్పడానికి పరిగెత్తుకొచ్చేవాడు.

మే నెల. కరెంటు పోయి మధ్యాహ్నమంతా రాలేదు. కొత్త ఫ్లాట్లు, చుట్టూ చెట్టన్నది లేదు, గోడలు పొయ్యిమీద పెనంలా కాలుతున్నాయి. నేహా చెమటతో తడిసి లేచొచ్చి "మామో, వొదిచ్కి" అంది. నీళ్ళు.

మల్లేశ్వరి కుండలోంచి గ్లాసు ముంచింది. ఆదివారం కావడంతో శేషగిరి ఇంట్లోనే ఉన్నాడు. చేయి అడ్డం పెట్టాడు.

"వాటర్ అని అడగమను."

"ఏమండీ, దాహంతో ఉంది."

"నాకు కనపడట్లేదా? ఒక్క మాట. పానీ అన్నా సరే. నేహా, బోలో బేటా, పానీ."

నేహా తండ్రిని చూసింది, తల్లిని చూసింది. "వొదిచ్కి" అంది మళ్ళీ, తప్పు పలికానేమోనన్నట్టు ఈసారి నెమ్మదిగా, స్పష్టంగా. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూ కూడా అదే మాట. మల్లేశ్వరి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఇచ్చేయొచ్చు. చేతిలోనే ఉంది. కానీ స్కూలు గదిలో ఆ హెడ్‌మిస్ట్రెస్ చూపు గుర్తొచ్చింది. వంగి, పిల్ల చెవిలో తానే అంది. "పానీ అనమ్మా. అను, ఇచ్చేస్తాను."

"పానీ" అంది నేహా, ఎక్కిళ్ళ మధ్య.

"శాబాష్!" అన్నాడు శేషగిరి.

ఆ రోజు తర్వాత నేహా మాట్లాడటం మానేసింది. కావలసింది వేలితో చూపించేది, లేకపోతే ఊరుకునేది. అలా వానాకాలం గడిచింది. దసరా సెలవుల్లో పై అంతస్తు పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఉన్నట్టుండి గట్టిగా "మేరీ బారీ హై!" అని అరిచింది, ఇప్పుడు వంతు తనదని. ఆ తర్వాత ఇక ఆగలేదు. హిందీ వాగులా వచ్చింది, వెనకే ఇంగ్లీషు రైములు. మరుసటేడు ఆ స్కూల్లోనే సీటొచ్చింది. శేషగిరి ఆఫీసులో లడ్డూలు పంచాడు.

మల్లేశ్వరి ఒక్కతే మిగిలింది ఆ భాషకి. గిన్నెలు కడుగుతూ పెదాల్లో ఏదో అనుకునేది. ఎవరైనా వస్తే ఆపేసేది. హలీనాకి ఫోన్ చేద్దామంటే శేషగిరి "ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది, మళ్ళీ కలవరపెట్టకు" అనేవాడు. ఇంట్లో ఫోనుకి తాళం ఉండేది.

ఇంకో చలికాలం వచ్చింది. ఒక సాయంత్రం శేషగిరి హడావుడిగా ఇంటికొచ్చాడు.

"రేపు మనింటికి గెస్ట్. పెత్రో ఇవానోవిచ్ అని, కీవ్‌లో పెద్ద మందుల షాపులవాడు. ఈ ఆర్డరొస్తే నేను మేనేజర్ని. ఎండీతో చెప్పాను, మా అమ్మాయి అక్కడే పుట్టింది, వాళ్ళ పిల్లలాగే మాట్లాడుతుందని. ఆయన చాలా ఇంప్రెస్ అయ్యాడు."

మల్లేశ్వరి ఆయన ముఖంలోకి చూసింది, ఎగతాళి చేస్తున్నాడేమోనని. కాదు. నిజంగానే అంటున్నాడు.

"దానికేం గుర్తుంటుందండీ?"

"నాలుగేళ్ళు మాట్లాడిన భాష ఎక్కడికి పోతుంది? కాస్త గుర్తుచెయ్యి."

పెత్రో ఇవానోవిచ్, హలీనాలాగే ఉక్రేనియన్ మాట్లాడే పొల్టావా ప్రాంతంవాడు. భారీ మనిషి, తెల్ల మీసాలు. ఆయన వెంట రావలసిన దుబాసీ ఢిల్లీ నీళ్ళు పడక హోటల్లో మంచమెక్కాడు. ఎండీ, పెత్రో ఇవానోవిచ్ సోఫాలో ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటూ కూర్చున్నారు. మల్లేశ్వరి టీ అందిస్తూ ఆయన భాషలో "చక్కెర ఎంత వెయ్యమంటారు?" అని అడిగేసరికి ఆ పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఇంకేం, ఆ సాయంత్రానికి ఆవిడే దుబాసీ.

భోజనాల దగ్గర శేషగిరి ఊపులో ఉన్నాడు. "మా నేహా పుట్టిన రోజు చెప్పాలి సార్. మోకాలి లోతు మంచు. అంబులెన్స్ లేదు. నేనే మల్లిని మెట్లు దింపి, లారీ ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చెప్పు మల్లీ ఆయనకి."

ఎండీ మెచ్చుకోలుగా చూశాడు. మల్లేశ్వరి చేతిలో గరిటె పట్టుకుని ఉంది. దాన్ని గిన్నెలో పెట్టి పెత్రో ఇవానోవిచ్ వైపు తిరిగి, ఆ రోజు తనని హలీనా అనే పొరుగావిడ ఎలా తీసుకెళ్ళిందో ఉన్నదున్నట్టు చెప్పింది. మా ఆయన ఆ రోజు ఊళ్ళో లేరని కూడా చెప్పింది. పెద్దాయన శేషగిరిని చూశాడు, కళ్ళు పళ్ళెంలోకి దించుకున్నాడు. శేషగిరి నవ్వుతూ తల ఊపాడు.

తర్వాత నేహాని పిలిచారు. జరీ లంగా, రెండు జడలు, చంకలో బొమ్మ. మధ్యాహ్నమంతా మల్లేశ్వరి ఒక్క "దోబ్రి వేచిర్" అన్న సాయంత్రపు పలకరింపైనా నేర్పాలని చూసింది. పిల్ల పకపకా నవ్వి, 'క్యా హై యే' అంటూ పారిపోయింది.

పెత్రో ఇవానోవిచ్ ముందుకు వంగి ఆ భాషలో ముద్దుగా ఏదో అడిగాడు. నీ బొమ్మ పేరేంటని. నేహా తండ్రి వెనక్కి నక్కింది.

"చెప్పమ్మా, అంకుల్‌కి చెప్పు. నీకొచ్చుగా" అన్నాడు శేషగిరి.

నేహా తండ్రిని అనుమానంగా చూసింది. "పాపా, వో తో గందీ భాషా హై నా? ఆప్ డాంటోగే."

అది పాడు భాష కదా, మీరు తిడతారు అని పిల్ల అనేసరికి ఎండీ గట్టిగా నవ్వేశాడు. పెత్రో ఇవానోవిచ్ ఏమందని మల్లేశ్వరిని అడిగాడు.

"సిగ్గుపడుతోంది" అంది మల్లేశ్వరి. ఆ రాత్రికి ఆవిడ చెప్పిన అబద్ధం అదొక్కటే.

అతిథులు వెళ్ళాక శేషగిరి చొక్కా గుండీలు విప్పుకుంటూ అన్నాడు. "పరువు తీసింది. నువ్వు తల్లివి, రోజంతా ఇంట్లోనే ఉంటావు. పిల్లకి రెండు ముక్కలు గుర్తుండేలా చూడలేకపోయావా?"

మల్లేశ్వరి ఎంగిలి పళ్ళాలు ఒకదానిమీద ఒకటి పెడుతోంది. ఏదో అనబోయింది. నోట్లోకి వచ్చింది తెలుగు కాదు. అది మింగేసి, పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నేహా స్కూల్నుంచి రాగానే ఆవిడ మార్కెట్‌లో ఉన్న ఐఎస్‌డీ బూత్‌కి తీసుకెళ్ళింది. మొగుడికి చెప్పలేదు. చాలాసేపు మోగాక, దూరంగా, బావిలోంచి వచ్చినట్టు "అలో?" అని వినిపించింది.

"హలీనా, నేను. మల్లీని."

అవతల ఏడుపు. తర్వాత తిట్లు, ఇన్నాళ్ళూ ఏమైపోయావని. మల్లేశ్వరి అన్నీ విన్నది. ఎదురుచూస్తూనే ఉన్నానంది హలీనా. లైను చెడిపోతే బాగు చేయించానంది, నువ్వు చేస్తావని. "ఏదీ, నా పిల్లేదీ?"

రిసీవర్ నేహా చెవి దగ్గర పెట్టింది. లోపలినుంచి "నేహోచ్కా! దోనెచ్కో!" అని, చిట్టితల్లీ అంటూ ఆ గొంతు పిలుస్తూనే ఉంది. నేహా బుద్ధిగా నిలబడి, స్కూల్లో నేర్పినట్టు అంది. "గుడ్ ఆఫ్టర్‌నూన్ ఆంటీ. మై నేమ్ ఈజ్ నేహా. ఐ రీడ్ ఇన్ కేజీ." చెప్పేసి ఫోను తల్లికిచ్చి, గాజు తలుపు తోసుకుని బయటి కుక్కపిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఏమంది?" అంది హలీనా.

"నువ్వు గుర్తొస్తున్నావంది."

"నేను నర్సుని, మల్లీ. ఎవరు అబద్ధమాడుతున్నారో నాకు తెలుస్తుంది" అంది హలీనా. "బాగా తింటోందా?"

"తింటోంది."

"నవ్వుతోందా?"

"నవ్వుతోంది."

"అయితే సరే. ఇంకోసారి దాన్ని ఫోనుకి పిలవకు. నాకు కష్టంగా ఉంది. నువ్వే చెయ్యి."

మల్లేశ్వరి చేసింది. ఏడాది పైగా, వీలు దొరికినప్పుడల్లా, మొగుడికి తెలియకుండా. హలీనా మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేది, తోట అమ్మేశానని చెప్పింది. నేహా గురించి ముందులా అడిగేది కాదు. అడగట్లేదన్నది ఇద్దరికీ తెలుస్తూనే ఉండేది. కొత్త సంవత్సరం వెళ్ళాక ఒకసారి ఫోను ఎవరో కుర్రావిడ ఎత్తింది. ఈ ఫ్లాటు మాకిచ్చారు, పాత ఆవిడ డిసెంబరులో పోయిందని చెప్పి పెట్టేసింది.

మల్లేశ్వరి ఇంటికొచ్చి పిండి కలిపింది. రొట్టెలు చేసింది. శేషగిరి ఆఫీసునుంచొచ్చి టీవీ ముందు కూర్చున్నాక చెప్పింది.

"హలీనా పోయిందట."

"అయ్యో. మంచి మనిషి పాపం" అన్నాడాయన. ఎలా తెలిసిందని అడగలేదు. కింద కూర్చుని బొమ్మకి రంగులేస్తున్న కూతుర్ని చూశాడు. "నేహా, మీ బబూస్యా చచ్చిపోయిందిరా."

"కౌన్ బబూస్యా?" అంది నేహా, తలెత్తకుండా.

శేషగిరి నిట్టూర్చాడు. "చూశావా, పిల్లలు ఎంత తొందరగా మర్చిపోతారో."

"అది మర్చిపోలేదండీ" అంది మల్లేశ్వరి. "మనం మరిపించాం. మీరు గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను."

"ఏ గ్లాసు?" అన్నాడు శేషగిరి. ఆయనకి నిజంగానే గుర్తులేదు.

ఆవిడ మళ్ళీ చెప్పలేదు. వార్తలు మొదలయ్యాయి. శేషగిరి సౌండు పెంచాడు, మల్లేశ్వరి రొట్టెలు వడ్డించడానికి లేచింది.