సుల్తాను గొలుసు

కోడికాళ్ళు ఉడికితే ఎలాంటి వాసన వస్తుందో ఇంటికి కుక్క వచ్చేదాకా సీతామహాలక్ష్మికి తెలియదు. పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. అయినా మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే గురునాథం ఇంటి దొడ్లో ఇప్పుడు వేరే పొయ్యి, వేరే గిన్నె ఉన్నాయి. పొద్దున్నే ముక్కుకు కొంగు చుట్టుకుని ఆమె కుక్కకు కోడికాళ్ళు ఉడకబెడుతుంది. ఆ రాట్‌వీలర్ జాతి కుక్కను తెచ్చిందీ, సుల్తాను అని పేరు పెట్టిందీ భర్త గురునాథమే. తక్కినదంతా ఈమెదే. పెంట ఎత్తాలి, ఒళ్ళు కడగాలి, చెవుల్లో పిడుదులు ఏరాలి. ఇంతా చేశాక తలస్నానం చేస్తేగాని అత్తగారు వెంకటసుబ్బులమ్మ వంటింట్లోకి రానివ్వదు. అందరి నాష్టా ఆలస్యమైతే మళ్ళీ ఆవిడే సణుగుతుంది.

ఇలాంటి జాతి కుక్కల్ని పెంచనివ్వకూడదని ఢిల్లీ నుంచి రాష్ట్రాలకు ఉత్తరం వచ్చిందట. టీవీలో ఆ సంగతి విన్ననాటి నుంచి గురునాథానికి నిద్ర లేదు. సాయంత్రమైతే చాలు, మిత్రుల్ని అరుగు మీద కూచోబెట్టుకుని ఒకటే వాదన.

"జాతిలో ఏముంది? కరిచేది జాతి కాదు. అంతా పెంపకం. జాతి పేరు పెట్టి చట్టం చేస్తే ఎట్ల?"

మహాలక్ష్మి కాఫీలు అందిస్తూ వినేది. పెంపకమన్న మాట ఆమెకు కొత్తేం కాదు. కొడుకు ఇంటర్లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుంటే అత్తగారు "మా వంశం తెలివి" అన్నది. అదే కొడుకు సిగరెట్టు తాగుతూ దొరికితే "తల్లి పెంపకం" అన్నది. మంచిదైతే వంశానికి, చెడ్డదైతే ఈమెకు. పప్పు మాడినా, నీళ్ళ మోటారు కాలినా, వచ్చిన చుట్టం అలిగి పోయినా ఎవరో ఒకరు వేలెత్తకముందే "నాదే పొరపాటు" అనేయడం ఆమె నేర్చుకుంది. అట్లా అనేస్తే ఇల్లు చప్పున చల్లబడుతుంది. మళ్ళీ ఎవరి పని వాళ్ళది, అందరి పనీ ఈమెది.

నిన్న సాయంత్రం కూడా అదే వాదన. మాటలతో తృప్తి పడక గురునాథం "విప్పినా నా మాట దాటదు, చూడండి" అంటూ సుల్తాను గొలుసు తీశాడు. సరిగ్గా అప్పుడే పాలు పోసే శ్రీశైలమ్మ క్యాను పట్టుకుని గేటు తోసుకు వచ్చింది. ఆయన "ఆగు, ఆగు" అంటూనే ఉన్నాడు, కుక్క ఆమె మోచేతిని పట్టేసింది. గడపలోంచి ఉరికి దాని మెడపట్టీ పట్టుకుని లాగింది మహాలక్ష్మి. మిత్రులు చెప్పులైనా తొడుక్కోకుండా మాయమయ్యారు.

ఇవాళ మున్సిపాలిటీ నుంచి కాశయ్య అనే ఉద్యోగి వచ్చాడు. చేతికి కట్టుతో శ్రీశైలమ్మ మెట్టు మీద కూచుంది.

"ఈ కాగితం పోలీసుస్టేషనుకు పోతాదండీ. ఎవరి పేరు రాయాల? గొలుసు ఎవరు వదిలినారు?"

"మా ఆడమనిషి వదిలింది సార్," అన్నాడు గురునాథం. "కుక్కను చూసుకునేది, పెంచేది అంతా ఆమే. నేను దుకాణంలో ఉంటి."

కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మం దాటుతున్న మహాలక్ష్మికి చెవులు గుయ్యిమన్నాయి. ఇంత అబద్ధం చెప్పేటప్పుడు మనిషికి గొంతైనా మారొద్దా? మారలేదు. టైమెంతయిందో చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు. వెనక నుంచి అత్తగారు "అవునయ్యా, మతిమరుపు మనిషి" అని కలిపింది.

"ఏమ్మా, మీరేనా?"

"అవునండీ. నాదే పొరపాటు."

ఆ గొంతు ఎవరిదా అని ఆమే ఉలిక్కిపడింది. భర్త అబద్ధం ఒక ఎత్తు, తన నోరు చేసిన ఈ పని ఒక ఎత్తు. ఎవరూ గదమాయించలేదు, కళ్ళైనా ఎర్రజేయలేదు. నోరు దానంతటదే తెరుచుకుని, ఆ రెండు మాటలు అనేసి, మూసుకుంది. ఇన్నేళ్ళలో ఇంకా ఎన్ని నేరాలు ఇట్లా ఒప్పుకుని ఉంటుంది తను?

శ్రీశైలమ్మ తలెత్తింది. "అదేందక్కా? నువ్వే గదా ఉరికొచ్చి నన్ను విడిపిస్తివి," అన్నది మెల్లగా. ఆమె ముఖంలో కోపం లేదు. నమ్మలేకపోతోంది, అంతే.

మహాలక్ష్మి పళ్ళెం అరుగు మీద పెట్టింది.

"సార్, నేనిప్పుడు చెప్పింది అబద్ధం. గొలుసు విప్పింది ఈయన. వాళ్ళ మిత్రులకు చూపిద్దామని విప్పినారు. ఈయన పేరే రాసుకోండి."

గురునాథం లేచి నిలబడ్డాడు. "ఏమే, మతిగాని పోయిందా నీకు? లోపలికి పో."

ఆమె పోలేదు. "శ్రీశైలమ్మా, మళ్ళీ సూదికి పోయేటప్పుడు పిలువు, నేనూ వస్తా," అన్నది.

కాశయ్య రాస్తున్నవాడల్లా ఆగాడు. "అది సరేనమ్మా. చెయ్యని తప్పును మొదట మీరెందుకు ఒప్పుకున్నట్లు?"

మహాలక్ష్మి భర్తను చూసింది. గుమ్మంలో అత్తగారినీ చూసింది.

"ఈ ఇంటి పెంపకమండీ," అన్నది.