విడివిడి రిటర్నులు

ముప్ఫై ఏడో జత కళ్లద్దాలను వెర్నా ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకుంది. అంతా బాగుందని ఫ్యాక్టరీలోని పరీక్ష యంత్రం అప్పుడే తేల్చేసింది. యంత్రం మాటను ఆమె ఇరవై ఆరేళ్లుగా నమ్మలేదు. ఎడమ కన్ను మూసి అద్దాన్ని మెల్లగా తిప్పింది. అంచున వెంట్రుకంత గీత. పక్కన పెట్టేసింది. పాలిష్ పొడికి ఆమె గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా చిట్లి ఉంది. తుడిచే గుడ్డ తన జేబులోనే ఉంచుకుంటుంది, ఎవరికీ ఇవ్వదు.

మధ్యాహ్నం తిండి మానేసి పొదుపు సంస్థకు వెళ్లింది. ఆమెకు అరవై ఏళ్లు. రిటైరయ్యాక భర్త లెస్టర్‌ను వదిలి వేరే గది తీసుకోవాలి. ఆ రోజు తీసే డబ్బు మీద పన్ను పడకూడదు. అందుకే, తీసేటప్పుడు పన్ను పడని రిటైర్మెంటు ఖాతా తెరవాలనుకుంది.

"మీరు ఇందులో నేరుగా డబ్బు వేయలేరండీ," అంది కౌంటర్లోని కైసా.

"నా జీతం చూసి గొప్పింటిదాన్నంటోందా గవర్నమెంటు?"

"భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటూ విడివిడిగా పన్ను రిటర్నులు వేస్తే ఆదాయ పరిమితి ఏడాదికి పదివేల డాలర్లేనండీ. పోయినేడంతా వేరుగా ఉన్నారా?"

"ఆయన పైన, నేను కింద. మధ్యలో పన్నెండు మెట్లు."

"మెట్లు లెక్కలోకి రావండీ." కైసా నవ్వు ఆపుకుంది. "ముందు మామూలు రిటైర్మెంటు ఖాతాలో వేయండి. దానికి ఆదాయ పరిమితి లేదు. రెండ్రోజులాగి అక్కణ్నించి ఇందులోకి మార్చేద్దాం. మార్చడానికీ పరిమితి లేదు."

"చట్టం ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది."

"మరైతే దొడ్డిదారెందుకు?"

కైసా ఫారం ఆమె ముందుకు జరిపింది. "ఒక్కసారి మార్చాక వెనక్కి రాదు, ఆలోచించుకోండి. ఇద్దరూ కలిపి రిటర్ను వేస్తే ఈ తిప్పలే ఉండవు."

ఒకప్పుడు కలిపే వేసేవారు. పద్దెనిమిదేళ్ల కిందట లెస్టర్, అసలు లేని పడవ వ్యాపారంలో నష్టం వచ్చిందని అందులో రాశాడు. జరిమానా రెండేళ్లపాటు ఆమె జీతంలోంచి పోయింది. అప్పట్నుంచీ అతను దగ్గినా ఎందుకా అని చూస్తుంది.

పెన్ను అందుకోబోతుంటే ఫోను మోగింది. లెస్టర్.

"వెర్నా, ఇవాళ కాస్త ముందే రాగలవా? ఓ కాగితం పనుంది."

"ఏం కాగితం?"

"వచ్చాక చెప్తాలే."

"ఎంత కావాలి?"

అతని ఊపిరి బరువుగా వినిపించింది. "ఏమీ వద్దు. మెల్లగా రా, రోడ్డు జారుతోంది."

మెల్లగా రమ్మన్నాడంటే ఏదో ఉంది. మామూలు ఖాతాలో ఎనిమిది వేల డాలర్లు వేయడానికి సంతకం పెట్టేసింది. తిరిగి ఫ్యాక్టరీకి వెళ్లి, పని అయిపోయాక కావాలనే ఇంకో ఆరు జతలు చూసి బయల్దేరింది.

ఇంటికొచ్చేసరికి అతను కింద వంటింట్లో, ఆమె కుర్చీలో, గోడకు తల ఆనించి కూర్చున్నాడు.

"నటన చాల్లే," అంది.

కోటు విప్పింది. బూట్లు విప్పింది. అతను కదల్లేదు. రెండు వేళ్లతో మెడ దగ్గర నాడి చూసి, అది అందక, అంబులెన్సుకు ఫోన్ చేసి, ఎదురుగా కూర్చుంది.

బల్ల మీద ఇద్దరూ కలిపి వేసే రిటర్ను ఉంది. అతని ఆదాయం డాలరుతో సహా రాసి, రశీదులన్నీ జతచేశాడు. ఆమె భాగం ముట్టుకోలేదు. వెర్నా అంకెలు రెండుసార్లు కూడింది. తప్పు దొరకలేదు. అడుగున లెస్టర్ సంతకం.

దాని పక్క గీత ఖాళీగా ఉంది. ఆ గీత దగ్గరే, ఆమె కుడిచేతికి అందేలా, మూత తీసిన నీలం పెన్ను.