వేటకు పోయినోడు

"సముద్రం ఉన్నట్టుండి మీదికొస్తే యాడికి ఉరుకుతం బిడ్డా?"

బందరు బస్టాండులో ఇంకా కాలు కింద పెట్టకముందే అడిగింది లిదియా.

"సముద్రం ఊరవతల ఉన్నదమ్మా. ముందు దిగు," అని బ్లెస్సీ తల్లి చేతిలో సంచి అందుకుంది.

బ్లెస్సీ ఈ ఊళ్లోనే దవాఖానాలో నర్సు. ఇక్కడి ప్రభును చేసుకుంటానంది. ఆ ఇల్లు కళ్లతో చూడనిదే మాటివ్వనని లిదియా పర్ణశాల పక్క పల్లె నుంచి ఇంత దూరం వచ్చింది. దారిలో ఊరి గొప్ప చూపిద్దామని కూతురు పాత డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఆటో ఆపించింది.

"పెండ్లి మాటకొస్తే గోరీలు చూపెడ్తవా? మీ నాయన తెలివి యాడికి పోతది," అని లిదియా ఆటో దిగనే లేదు.

ప్రభు వాళ్ల ఇల్లు రేవు దగ్గర. వాళ్లమ్మ సంతోషమ్మ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. "మావాడు వేటకెళ్లాడు వదినగారూ, వచ్చేస్తాడు."

లిదియా గ్లాసు కింద పెట్టేసింది. వాళ్ల అడవి దిక్కున వేటంటే అడవిపందులకు కట్టే కరెంటు తీగ. ఏ పాపమూ ఎరగని ఆమె తమ్ముడు చేనుకు నీళ్లు పెట్టబోయి ఆ తీగ తగిలే పోయాడు.

"లే బిడ్డా, పోదాం. వేటగాండ్ల ఇంట్ల పిల్లనియ్య."

"అమ్మా, ఈడ చేపలకు పోవుడే వేటంటరు," అంది బ్లెస్సీ నవ్వు ఆపుకుంటూ.

లిదియా మనసు కుదుటపడింది గానీ ఎంతోసేపు నిలవలేదు. చేపలంటే సముద్రమే కదా. తీగైతే కంటపడితేనన్నా దాటొచ్చు, సముద్రాన్ని ఎలా దాటేది?

పడవ వచ్చే వేళయిందని ముగ్గురూ రేవుకు నడిచారు. ఎండుచేపల వాసన మధ్య సంతోషమ్మ నీళ్ల వైపు తిరిగి నిలబడింది.

"దినాం గిట్ల పంపుతవు. భయం కాదా వదినా?"

సంతోషమ్మ పలకలేదు. పొగరు మనిషి అనుకుంది లిదియా.

"ఏమంటవమ్మా? ఒప్పుకున్నట్టేనా?" అని బ్లెస్సీ గుసగుసగా అడిగింది. లిదియా చూపు సంతోషమ్మ చేతుల మీద పడింది. ఆ చేతులు కొంగును నలిపి నలిపి తాడులా పేనుతున్నాయి. బస్సులో వచ్చినంతసేపూ తను చేసిందీ అదే పని.

పొద్దు వాలింది. ఎప్పటికో ఒక నీలం పడవ కనబడింది. అందులోంచి ప్రభు చెయ్యూపాడు. సంతోషమ్మ కొంగు వదిలేసింది.

"ఇందాక ఏదో అడిగారు వదినగారూ," అంది గొంతు సవరించుకుని. "పడవ కంటపడేదాకా నాకు నోట మాట రాదండి. వాళ్ల నాన్న వేటకెళ్లే నాటి నుంచీ అంతే."

ఈ ఇంట్లో తన పిల్ల ఒక్కతే కూర్చుని భయపడే పని లేదనుకుంది లిదియా. సంతోషమ్మ పక్కకు జరిగి నిలబడి, కూతురు అడిగినదానికి అప్పుడు జవాబిచ్చింది.

"పెండ్లి ప్రధానం మా ఊర్లనే పెట్టుకుందం వదినా. ఆ దినం మాత్రం పిల్లగాన్ని వేటకు పంపకు."