బూడిదరంగు అట్ట

"కొంచెం ఎడమకి ఆంటీ. గడ్డం ఎత్తు."

"ఎత్తితే మెడ మీద ముడతలు లెక్కబెడతావా ఏం?" అంటూనే సెఫీనా గడ్డం ఎత్తింది. నేల మీది గులాబీ టేపు గుర్తు మీద పాదాలు కుదురుగా పెట్టి, రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్టను గుండెకు ఆనించి పట్టుకుంది. ఆవిరి ఇస్త్రీకి కమిలిన వేళ్లు, నెరిసిన ముడి, కాళ్లకు రబ్బరు చెప్పులు.

మోడల్ ముస్తాబై వచ్చేలోగా లైట్లు సరిచేసుకోవడానికి ఎవరో ఒకరు ఆమె చోట నిలబడాలి. ఆక్లండ్‌లోని ఈ స్టూడియోలో పదకొండేళ్లుగా ఆ ఎవరో ఒకరు సెఫీనాయే. అసలు ఉద్యోగం బట్టల ఇస్త్రీ. ఆమెను ఎన్ని వేలసార్లు ఫోటో తీశారో! ఒక్కటీ మిగల్లేదు. ట్రయల్ ఫోటోలు బట్టల కంపెనీవాళ్ల కంట పడకూడదు, వాళ్లు వచ్చేలోగా చెరిపేయాలి. అది అక్కడి పద్ధతి.

మూడేళ్లు లైట్ల స్టాండ్లు మోసిన మెలేకు ఈ రోజే మొదటిసారి కెమెరా చేతికిచ్చారు. చలికాలపు కోట్ల కేటలాగు. ఇది కుదిరితే ఫోటోగ్రాఫర్, చెడితే మళ్లీ స్టాండ్లే. పొద్దుటినుంచి లెన్సు తుడిచిందే తుడుస్తోంది.

"కంగారెందుకే పిల్లా, నేనేమన్నా పారిపోతున్నానా?" అని సెఫీనా సంచిలోంచి తెల్లటి అల్లిక టోపీ తీసి పెట్టుకుంది. ఆదివారం చర్చికి పెట్టుకునేది. "ఇదొక్కటి నాకుంచు. మా ఇంట్లో అందరి ఫోటోలూ నేను తీసినవే. నేనెక్కడా లేను."

"తప్పకుండా ఆంటీ."

"టోంగా దీవుల పిల్లవి, మా సమోవా దీవుల అందం నీ కెమెరాకు ఆనుతుందో లేదో!" అని తన మాటకు తనే పగలబడి నవ్వింది. మెలే ఆ నవ్వును పట్టుకుంది. ఎంత బాగా వచ్చిందని! చెంప మీద వెలుగు, టోపీ అంచు నీడ, సగం మూసిన కళ్లు. ఇన్నాళ్లూ తాను తీయాలనుకున్న ఫోటో ఇలాంటిదే.

అంతలో తలుపు తెరుచుకుని కంపెనీవాళ్లు లోపలికొచ్చారు. మెలే చెయ్యి దానంతటదే కదిలింది. కెమెరాలోని కార్డు మొత్తం చెరిపేసి, మొదటి కోటు వేసుకున్న మోడల్‌ను పిలిచింది.

మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. నలభై రెండు కోట్లు. కంపెనీ ఆవిడ భుజం తట్టి, "వేసవి బట్టలు కూడా నువ్వే తియ్యి" అంది. మెలే ఎగిరి గంతేసినంత పని చేసి, ఈ కబురు ముందు ఆంటీకే చెప్పాలని ఇస్త్రీ గదికి పరుగెత్తింది.

సెఫీనా కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో తిరిగి పంపాల్సిన కోటొకటి, పక్కన కొరికి వదిలేసిన కొబ్బరిపాల బన్ను. ఇస్త్రీ ఇంకా ఆవిరి కక్కుతోంది. "ఆంటీ" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుని కదిపితే తల పక్కకు వాలిపోయింది.

అంబులెన్సు వెళ్లిపోయాక, నాలుగింటికి సెఫీనా కూతురు లోసా సామాను కోసం వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"శవపెట్టె మీద పెట్టడానికి అమ్మ ఫోటో కావాలక్కా. ఇంట్లో ఒక్కటీ లేదు. ఇక్కడైతే బోలెడుంటాయిగా, రోజూ తీస్తారని చెప్పేది."

అప్పటికే మెలే చెరిపిన ఫోటోల కోసం కార్డును కంప్యూటర్లో మూడుసార్లు వెతికించింది. చెరిపిన ప్రతి చోటా కోట్లే నిండాయి.

"ఉండేది లోసా. టోపీ పెట్టుకుని నవ్వింది. ఉంచుతానని మాటిచ్చి నేనే చెరిపేశాను." మిగతా మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

లోసా కోప్పడలేదు. తిట్టినా బాగుండేదని మెలేకు అనిపించింది. "బాగా వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

"చాలా బాగా వచ్చింది."

లోసా తల ఊపి, టోపీ ఉన్న సంచీ, చెప్పులూ తీసుకుని వెళ్లిపోయింది. గులాబీ గుర్తు పక్కన స్టూలు మీద బూడిదరంగు అట్ట ఉండిపోయింది. దాని కింది మూల, పదకొండేళ్లు సెఫీనా బొటనవేలు ఆనిన చోట, రంగు పోయి తెల్లగా ఉంది.