లోతు తెలియని రాయి

మార్చి పదకొండు, మంగళవారం. ఉదయం పది గంటల నలభై నిమిషాలకు చోడవరంలో ఉన్న ఝాన్సీకి ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. ఆమె రంపంతో కోసి పంపిన ఎనిమిది రాళ్లలో ఒక్కదానికీ వయసు చెప్పలేమని అందులో ఉంది.

మాడుగుల దాటాక కొండల కింద రాగి ఉందేమోనని ఒక కంపెనీ బోరు దింపి, రోకళ్లలాంటి గుండ్రటి రాళ్లు పైకి తీసింది. రాగి చాలినంత లేదని తేల్చుకుని వెళ్లిపోయింది. ఆ రాగి ఎప్పుడు పుట్టిందో తేల్చడం ఝాన్సీ థీసిస్. రాయిలోని యురేనియం కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది. ఆ సీసంలో ఏ రకం ఎంత ఉందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. ఝాన్సీ రాళ్లలో ఉండాల్సినదానికి వంద రెట్లు సీసం ఉందనీ, అది కొండలోది కాదు, ఈ కాలంలో ఫ్యాక్టరీలో తయారైందనీ ల్యాబ్ రాసింది. రంపం తగలని ముక్క ఒక్కటైనా, ఎంత లోతులో దొరికిందో రాసి, నెలలోగా పంపితే మళ్లీ చూస్తామంది.

థీసిస్‌కు యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు ఏప్రిల్ ముప్పై. రాళ్లు దాచిన షెడ్డును కంపెనీ జనవరిలోనే ఖాళీ చేసింది. పెట్టెల్లోని రాళ్లు రోడ్డు పనికి పోయాయి.

మెయిల్ నాలుగుసార్లు చదివి ఝాన్సీ ఆటో ఎక్కింది. షెడ్డుకు వాచ్‌మన్‌గా చేసిన పరదేశి బుచ్చయ్యపేటలో ఉంటాడు. ఆమె వెళ్లేసరికి అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య అచ్చియ్యమ్మ వాకిట్లో చింతకాయలు కొడుతోంది.

"తాతా, దసరాకి షెడ్డులో రంపానికి బొట్టు పెట్టేం కదా. అది కుంకుమేనా?"

"కుంకుమేటి పాపా. ఆ రంపం మీద నీళ్లు పడతాయి కదా, కుంకుమ నిలబడదు. సింధూరం. నూనెలో కలిపేను. మళ్లా దసరా దాకా ఊడదు."

"ఇనప సామాన్లన్నిటికీ ఎట్టేడమ్మా," అంది అచ్చియ్యమ్మ. "ఆ సైకిలు సూడు, పెళ్లికొడుకులా ఉంది. నా మొహానికి బొట్టుందో లేదో ఏనాడైనా సూసేడా?"

పరదేశి లోపలికి వెళ్లి సింధూరం డబ్బా తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. ఝాన్సీ అరచేతిలో పెట్టుకుంది. అంత చిన్న డబ్బాకు ఉండాల్సినదానికన్నా చాలా బరువుంది.

"ఇందులో ఉన్నది సీసం తాతా."

"తుడిసేను కదా పాపా. నువ్వు రాళ్లు కోసే ముందు గుడ్డెట్టి నేనే తుడిసేను."

"రంపం కింద తొట్టిలో నీళ్లు మళ్లీ మళ్లీ అవే తిరుగుతాయి. సీసం రాయి పగుళ్లలోకి దిగిపోయింది."

పరదేశి డబ్బా వెనక్కి తీసుకున్నాడు. "వంద కోట్ల ఏళ్ల రాయన్నావు. మొన్నటి దసరా అంటుకుందా దానికి?"

"అంటుకుంది."

"అయితే నా పేరు రాసెయ్ పాపా. ఇప్పుడు నన్ను తీసెయ్యడానికి షెడ్డే లేదు."

 దసరా రోజు, చదువుకున్న చెయ్యి అని అతను పళ్లెం ముందుకు జరిపితే, వేలు ముంచి రంపం పళ్ల మీద మూడు బొట్లు పెట్టింది ఝాన్సీయే. ఆ ఎరుపు దేనితో చేశారని అడగలేదు.

లేవబోతూ ఝాన్సీ అచ్చియ్యమ్మ చేతిలోకి చూసింది. చింతకాయలు కొడుతున్న రాయి గుండ్రంగా, జానెడు పొడవుంది. విరిగిన కొసలో రాగి ఖనిజపు పసుపుపచ్చ మెరుపు ఉంది.

"అది షెడ్డులోదేనా?"

"ఖాళీ సేసిన్నాడు ఒకటి తెచ్చేను," అన్నాడు పరదేశి. "రంపం తగల్లేదు. బొట్టూ ఎట్టలేదు. పనికొస్తాదా?"

"ఏ పెట్టెలోది తాతా?"

"పదకొండులోది." ఆగాడు. "పదిహేడేమో. నంబరు రంగుతో రాసుండేది. ఇది తోమేసింది."

"సింతపండులో రంగు పడతాదని తోమేను," అంది అచ్చియ్యమ్మ. "నాకేటి తెలుసు?"

పదకొండో పెట్టె ఎనభై నాలుగు మీటర్ల లోతుది. పదిహేడోది నూట ముప్పై ఒకటి. రెండూ వేర్వేరు పొరలు.

మర్నాడు చోడవరం కొరియర్ ఆఫీసులో ఝాన్సీ రాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ల్యాబ్ ఫారంలో లోతు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆపింది. ఎనభై నాలుగు అని రాస్తే కాదని చెప్పగలిగినవాళ్లు లేరు. పరదేశికే తెలియదు. కౌంటర్లో అమ్మాయి, "మేడమ్, వెనక జనం ఉన్నారు" అంది. ఝాన్సీ గడిలో "తెలియదు" అని రాసింది. కింద, సీసం ఎలా చేరిందన్న చోట, "రంపానికి సింధూరం పెట్టాను" అని రాసి సంతకం చేసింది.

ఏప్రిల్ తొమ్మిది, సాయంత్రం నాలుగుంపావుకు ల్యాబ్ నుంచి జవాబు వచ్చింది. నమూనా అందింది. లోతు వివరం లేనందున పరీక్షకు తీసుకోలేదు.