పొద్దు పొడవక ముందు పుట్టిన పిల్ల

నిర్మలది చేవెళ్ల. మొయినాబాద్ మండలంలో, కనకమామిడి దాటాక లోపలికి ఉన్న ఒక చిన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరు. రెండు వేల ఒకటి ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చినప్పుడు ఆ ఊళ్ళో సగం ఆమె వంతుకు వచ్చింది. ఆ సగంలో నూట ఇరవై మూడు గడపలు. వాటిలో పదకొండు ఫామ్‌హౌసులు. హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలు వెలిసిన నాలుగైదేళ్ళలో ఇక్కడ చేన్ల చుట్టూ గోడలు లేచాయి. యజమానులు ఆదివారం కార్లలో వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. మిగతా రోజుల్లో ఆ గోడల వెనక ఎవరుంటారో ఊరివాళ్ళకు కూడా సరిగ్గా తెలియదు.

"తాళం చూసి తిరిగి రాకుండ్రి. లోపల మనిషి ఉంటే ఆ మనిషి మన లెక్కల ఉండాలె" అని మండలాఫీసు శిక్షణలో భిక్షపతి సారు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆయన లెక్కల పనిలో నిర్మల పైన సూపర్‌వైజరు, మొయినాబాద్‌లో హెడ్మాస్టరు. జనాభా లెక్కలు రాయడం ఆయనకు ఇది మూడోసారి.

రెండో రోజు నిర్మల అంతమ్మ ఇంటికి వెళ్ళింది. అంతమ్మకు అరవై దాటాయి. భర్త అంజిలయ్య పోయి ఆరేళ్ళయింది. కొడుకు జనార్దన్ గండిపేట దగ్గర ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. ఆ రోజు సెలవు కాబట్టి అన్ని ప్రశ్నలకూ అతనే జవాబు చెబుతున్నాడు.

"మీ అమ్మ ఏం పనిచేస్తది?"

"ఏం చెయ్యదు మేడం. ఇంట్లనే ఉంటది."

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న అంతమ్మ తలెత్తింది. "ఎవర్రా ఇంట్ల ఉండేది? పొద్దుగాల ఏడింటికి పోయి మాపటి దాక గులాబీలు తెంపుతున్న. ఇయ్యాల ఒంట్ల బాగలేక ఆగిన."

"సొంత చేనా అవ్వా?" అడిగింది నిర్మల.

"ఐదేండ్ల కింది దాక సొంతదే. అమ్మినం. కొన్న సారు గులాబీలు పెట్టిండు. ఇప్పుడు అండ్లనే కూలికి పోతున్న."

జనార్దన్ ముఖం చిన్నబోయింది. "మేడం, పోయిన లెక్కల రైతు అని రాసిండ్రు. గట్లనే రాయుండ్రి."

"అబద్ధమెందుకురా?" అంది అంతమ్మ. గొంతులో కోపం లేదు. "అప్పుడు రైతునే. ఇప్పుడు కూలికి పోతున్న. ఉన్నది ఉన్నట్టు రాయి బిడ్డా."

నిర్మల వ్యవసాయ కూలీ అని రాసింది. ఆ రెండు మాటలు రాయడానికి ఆమెకు మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది.

మర్నాడు గులాబీల ఫామ్‌హౌసు గేటు తీయించింది అంతమ్మే. గేటు పక్కన రేకుల గదిలో కాపలా మనిషి ధనేశ్వర్, అతని భార్య సుకాంతి ఉంటున్నారు. ఒరిస్సాలోని బొలంగీర్ జిల్లా నుంచి మొదట ఇటుక బట్టీకి వచ్చి, అక్కడినుంచి ఇక్కడికి చేరారు. ధనేశ్వర్‌కు హిందీ వచ్చు, నిర్మలకు ఎంతోకొంత వచ్చు. సుకాంతికి ఒరియా తప్ప మరొకటి రాదు. తొమ్మిదో నెల. గోడకు ఆనుకుని కూర్చుని, ఆ పెద్ద కాగితంలో తన పేరు ఎలా పడుతోందో చూస్తోంది.

"మాతృభాష ఒరియా. ఇంక వేరే భాషలేమన్న వస్తయా ఆమెకు?"

ధనేశ్వర్ లేదనేలోపే అంతమ్మ అందుకుంది. "తెలుగు ఎందుకు రాదు? నేను నేర్పిన. చెప్పు బిడ్డా."

సుకాంతి సిగ్గుపడుతూ వేళ్ళు మడిచింది. "అవ్వ. బువ్వ. గులాబి. నొప్పి. జర ఆగు."

నిర్మల నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇది సరిపోదవ్వా. మాట్లాడుకునేటంత రావాలె."

"మేమిద్దరం పొద్దంత మాట్లాడుకుంటనే ఉంటం. ఏం మాట్లాడుకుంటమో మాకు తెలుసు" అంది అంతమ్మ. తర్వాత సుకాంతి కడుపువైపు చూపించింది. "ఇంకొకరు వస్తున్నరు. ఇప్పుడే రాసుకోరాదా? మళ్ల తిరిగే పని తప్పుతది."

"పుట్టినంకనే అవ్వా. ఇరవై ఎనిమిదో తారీఖు అర్ధరాత్రి లోపల పుడితె మళ్ల వచ్చి కలుపుకుంట. ఫికర్ పడకు."

"అర్ధరాత్రా? అంతకంటె ముందే అయితది. ఇట్లాంటివి నేను పది చూసిన."

మార్చి మొదటి ఐదు రోజులు ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి సరిచూసుకోవాలి. ఫిబ్రవరి ఆఖరి అర్ధరాత్రికి ముందు పుట్టినవాళ్ళను చేర్చాలి, ఆలోపు పోయినవాళ్ళను కొట్టేయాలి. శుక్రవారం, రెండో తారీఖున నిర్మల బయలుదేరి మొదట కొమురయ్య ఇంటికి వెళ్ళింది. ఫిబ్రవరి పన్నెండున ఆమెకు మజ్జిగ ఇచ్చి, తన వయసు డెబ్బయ్యో ఎనభయ్యో నువ్వే చూసి రాయమన్న ముసలాయన ఇరవై ఏడున పోయాడు.

"నీ పుస్తకంల ఉన్నడు గద" అంది భార్య అరుణమ్మ. "ఉండనియ్యరాదా బిడ్డా? ఎవరికి బరువు?"

నిర్మల ఆమె పక్కన కూర్చుని కుదరదని చెప్పింది. తర్వాత ఆ వరుస మీద గీత గీసింది. గీత వంకర పోయింది.

అక్కడినుంచి ఫామ్‌హౌసుకు వెళ్తే అంతమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది. "రా టీచరమ్మ, రా! నీకోసమే చూస్తున్నం. ఆడపిల్ల. మంచిగ ఉన్నది. తల్లి గూడ మంచిగనే ఉన్నది."

గదిలో వేపాకు పొగ వాసన వస్తోంది. సుకాంతి పక్కన పాత చీర మడతల్లో పిడికెడంత ముఖం. నిర్మల వంగి చూసింది. పిల్ల ఒక కన్ను తెరిచి మూసుకుంది. నిర్మల సంచిలోంచి కాగితాలు తీసింది.

"ఎప్పుడు పుట్టింది అవ్వా?"

"నిన్న పొద్దు పొడవక ముందు. కోడి కూసింది, పాలబండి ఇంక రాలె. ఆటో కోసం ధనేశ్వర్ రోడ్డు మీదికి ఉరికిండు. ఆయన వచ్చేటాల్లకు అయిపాయె. బొడ్డు నేనే కోసిన."

నిర్మల కలం ఆగిపోయింది. నిన్న అంటే గురువారం, మార్చి ఒకటి.

"నాలుగైదు గంటలు ఆలస్యమైంది అవ్వా. రాయరాదు."

"ఏం ఆలస్యం? పొద్దు పొడిస్తెనే గద దినం మారేది. అప్పటి దాక బుధవారమే. ఇరవై ఎనిమిదో తారీఖే."

"సర్కారు లెక్కల అర్ధరాత్రికే మారుతది."

"అర్ధరాత్రి ఎవరు మేల్కొని చూస్తరు దినం మారేది?" అంతమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు మాట ఇచ్చినవని వీళ్ళకు చెప్పిన. సర్కారు పుస్తకంల నీ బిడ్డ పేరు ఎక్కుతదని ఇరవై దినాల నుంచి చెప్తున్న. ఇప్పుడు లేదంటె, ఈ పిల్ల ఈ దేశంల లేనట్టేనా?"

ధనేశ్వర్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. నిర్మల హిందీలో విషయం చెప్పింది. పర్వాలేదు మేడం అన్నాడతను వెంటనే, అలాంటి మాట విని సర్దుకోవడం అలవాటైన మనిషిలా. ఆ పర్వాలేదు అనడమే నిర్మలను ఎక్కువ బాధపెట్టింది. అంతమ్మ మాత్రం బుట్ట తీసుకుని గులాబీల్లోకి వెళ్ళిపోయింది. పిలిచినా వెనక్కి తిరగలేదు.

శనివారం నిర్మల మొయినాబాద్‌లో భిక్షపతి సారును కలిసి అంతా చెప్పింది. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వాడు.

"ఆ ముసలామె చెప్పింది తప్పు గాదమ్మా. తొంభై ఒకటిల నేను రాసినప్పుడు మార్చి ఒకటి పొద్దు పొడుపే లెక్క. ఆ లెక్కన అయితే ఈ పిల్ల ఎక్కేది. ఈసారి ఢిల్లీలనే అర్ధరాత్రికి మార్చిండ్రు."

"అంటే కలుపుకోవచ్చా సార్?" నిర్మల గొంతులో ఆశ దాగలేదు. "ఒక్క పిల్లనే. ఎవరికీ తెలువది."

"కొమురయ్యను కొట్టేసినవా?"

"కొట్టేసిన."

"ఉంచుమని ఇంటామె అడగలేదా?"

"అడిగింది సార్" అంది నిర్మల. అరుణమ్మ ముఖం కళ్ళముందు మెదిలింది. ఆమెకు కుదరదని చెప్పిన నోటితో వీళ్ళకు సరేనంటే, రేపు ఆ వీధిలో ఎలా నడుస్తుంది?

ఆయన ఆమెను ఎక్కువసేపు అలా ఉంచలేదు. "సర్కారుకు అదొక్కటే పుస్తకమా? మనం రాసేది పదేండ్లకొకసారి తల లెక్క. ఎంతమంది అన్నదే చూస్తరు గని పేర్లు ఎవరికీ చూపెట్టరు. పుట్టిన పిల్లలకు వేరే రిజిస్టరు ఉన్నది. ఏ ఊళ్లె పుడితె ఆ ఊళ్లెనే రాయాలె. తల్లిదండ్రులు ఏ రాష్ట్రపోళ్లయినా సరే. ఇరవై ఒక్క రోజులల్ల పోతే పైస ఖర్చు లేదు. బడికి పోవాలంటె ఆ పిల్లకు పనికొచ్చే కాయితం అది. పోయి రాయించు."

సోమవారం బడి వదిలాక నిర్మల నేరుగా గులాబీల చేనుకు వెళ్ళింది. అంతమ్మ ఆమెను చూసి పూలు తెంపుతూనే ఉంది. నిర్మల ఆమె వెనకే రెండు సాళ్ళు నడుస్తూ సారు చెప్పిందంతా చెప్పింది. పొద్దు పొడుపు సంగతి వచ్చేసరికి అంతమ్మ చెయ్యి ఆగింది.

"చూసినవా? నేను చెప్పలేదా?" అంది. అప్పటికి కాస్త మెత్తబడింది.

నిర్మల, అంతమ్మ, ధనేశ్వర్ కలిసి పంచాయతీ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి గుమస్తా కొత్తవాడు, మర్యాదస్తుడే. కానీ ఒరిస్సా అనగానే కలం పక్కన పెట్టాడు.

"వీళ్లు వాళ్ల ఊళ్లె రాయించుకోవాలేమో మేడం."

"పుట్టింది ఈడ. పుట్టిన చోటనే రాయాలె. నియమాల పుస్తకం ఉంటె చూడుండ్రి."

అతను బీరువా తీసి, ఒక పుస్తకం దులిపి, పేజీలు తిప్పాడు. చాలాసేపు చదివాడు. "నిజమే మేడం" అన్నాడు చివరికి, తనే గెలిచినంత సంతోషంగా. రిజిస్టరు తెరిచి తండ్రి పేరు, తల్లి పేరు, తారీఖు రాసుకున్నాడు. "ఇంటి నంబరు?"

ధనేశ్వర్ నిర్మల వైపు చూశాడు. ఆ రేకుల గదికి నంబరు లేదు. ఫామ్‌హౌసుకే నంబరు లేదు.

"పుట్టిన జాగ ఎట్ల రాయాలె మరి? ఊరి పేరొక్కటే రాస్తె రేపు ఎవరన్న అడిగితె నేనేం చెప్పాలె?"

"నూట పద్దెనిమిది" అంది అంతమ్మ.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"సర్వే నంబరు నూట పద్దెనిమిది. రెండెకరాల పది గుంటలు. తూర్పుకు బండ్లబాట, పడమటికి వాగు. మొదలు పట్టా మా మామ పేరు మీద, తర్వాత మా అంజిలయ్య పేరు మీద. ఆ భూమిల పుట్టింది పిల్ల. రాసుకో."

గుమస్తా ఇంకేమీ అడగలేదు. పుట్టిన చోటు అన్న గడిలో సర్వే నంబరు 118 అని గుండ్రటి అక్షరాలతో రాసి, రిజిస్టరు తిప్పి అంతమ్మకు చూపించాడు. ఆమెకు చదువు రాదు. అయినా వంగి, ఆ అంకెల మీద వేలు పెట్టి చూసింది.

బయటికి వచ్చాక అంతమ్మ మెట్ల మీద కూర్చుంది. ధనేశ్వర్ పరుగున వెళ్ళి హోటల్ నుంచి మూడు చాయలు తెచ్చాడు.

"అమ్మిననాటి నుంచి ఆ నంబరు నోటెంబడి రాలె" అంది అంతమ్మ చాయ పట్టుకుని. "మర్చిపోయిననుకున్న."

నిర్మల ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అంతమ్మ కళ్ళు తుడుచుకుని, "పిల్లకు పాలు చాలుతలేవట, మెంతులు పంపాలె" అంటూ లేచింది.

ఇరవై ఒకటో రోజున పేరు పెట్టారు. ఒరిస్సా వాళ్ళ పద్ధతి అదే. ధనేశ్వర్ కనకమామిడి వెళ్ళి ఎస్‌టీడీ బూత్ నుంచి వాళ్ళ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే, అతని తల్లి వచ్చి సుమిత్ర అని చెప్పింది. అంతమ్మ గులాబమ్మ అని పెడదామనుకుంది కానీ, నాయనమ్మ మాట కాదనలేక ఊరుకుంది. నిర్మల బడి నుంచి వచ్చేసరికి సుకాంతి బియ్యం పాయసం వండి ఎదురుచూస్తోంది.

"జర ఆగు" అని నిర్మలను కూర్చోబెట్టి, పిల్లను తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టింది. "టీచరమ్మ, బువ్వ తిను" అంది. అంతమ్మ గర్వంగా నిర్మల వైపు చూసింది.

తర్వాతి వారం దేశ జనాభా ఎంతో పేపర్లో వచ్చింది. నిర్మల బడికి వెళ్తూ బస్సు దిగిన చోట అంతమ్మ కనిపిస్తే ఆగి చెప్పింది. "నూట రెండు కోట్ల డెబ్బయి లక్షల మంది అవ్వా."

అంతమ్మ బుట్ట దించి, నడుముకు చెయ్యి ఆనించుకుని నిలబడింది. ఆమె ఆ అంకెను ఊహించుకోవడానికి ప్రయత్నిస్తోందని నిర్మల అనుకుంది.

"ఇన్ని ఇండ్లకు నువ్వొక్కదానివే తిరిగినవా బిడ్డా?" అంది అంతమ్మ నిజమైన దిగులుతో.

"లేదవ్వా! నా అసొంటోళ్లు ఇరవై లక్షల మంది తిరిగిండ్రట."

"నయం" అంది అంతమ్మ. ఒడిలోంచి రెండు జామకాయలు తీసి నిర్మల చేతిలో పెట్టి, బుట్ట ఎత్తుకుని చేను దారి పట్టింది.