కూర్చునే పీరియడు

"నీకేం, ఈల ఊదితే జీతమొచ్చే ఉద్యోగం," అన్నాడు మొగుడు, ఆమె పొయ్యి మీది పాల మీద ఓ కన్నేసి అతని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. "రోజంతా గ్రౌండులో తిరిగే మనిషివి, ఇంట్లో నాలుగడుగులు వేస్తే అరిగిపోతావా అమ్మాయ్?" అని అత్తగారు అందుకుంది. పదిహేనేళ్ళుగా వింటున్న మాటలే. జవాబు చెప్పే తీరిక ఎప్పుడూ లేదు, ఇవాళా లేదు. ఈల మెళ్ళో వేసుకుని బయటపడింది.

యాభైమంది ఎనిమిదో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టడమంటే కప్పల తక్కెడే. ఒకడు బూట్లు మరిచి వస్తాడు. ఒకత్తె "టీషర్టు ఉతకడానికి వేశాం టీచర్" అంటూ నెలరోజులుగా ఉతుకుతూనే ఉంది. వాళ్ళతో వేగగలదామె. తిడుతుంది, నవ్విస్తుంది, చివరికి పరిగెత్తిస్తుంది. అంతుపట్టనిది రెండు జడల పిల్ల ఒక్కతే. దాని బూట్లు తెల్లగా మెరుస్తుంటాయి, లేసులు రెండేసి ముళ్ళు. అన్నీ సిద్ధమే. తీరా ఈల మోగేసరికి "కడుపునొప్పి టీచర్" అని గోడ నీడలో చతికిలబడుతుంది. నెలకోసారంటే ఎవరికి తెలియదు గనక? వరసగా నాలుగు వారాలు! లెక్కల టీచరు కాకపోయినా ఆ లెక్క ఆమెకి తెలుసు.

నాలుగుసార్లు ఆట ఎగ్గొడితే ఇంటికి ఫోన్ చెయ్యాలని బళ్ళో కొత్త నియమం. హెడ్మాస్టారు పొద్దున్నే గుర్తుచేశారు కూడా.

"నిజం చెప్పవే తల్లీ. ఇవాళ మీ అమ్మకి ఫోన్ చెయ్యాలి నేను," అంది గోడ దగ్గరికెళ్ళి.

పిల్ల ఆమె చెయ్యి పట్టేసుకుంది. "వద్దు టీచర్! లేచింది మొదలు నీళ్ళు పట్టాలి, గిన్నెలు తోమాలి, చెల్లిని ఎత్తుకోవాలి. సాయంత్రం వెళ్ళగానే మళ్ళీ అదే. క్లాసులో కునుకొస్తే సార్లు నిలబెడతారు. ఇక్కడొక్కచోటే ఊరికే కూర్చోగలను. అమ్మకి తెలిస్తే, ఆ పీరియడు ఖాళీయే కదా, ఇంటికొచ్చి పని చేసి వెళ్ళు అంటుంది."

ఆమెకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. అబద్ధమాడిన పిల్లని పరిగెత్తించాలా, కూర్చోనివ్వాలా? ఆడపిల్లలూ పరిగెత్తాలని పోట్లాడి ఈ పీరియడు సాధించింది తనే. కదలకపోతే ఒళ్ళు తుప్పు పడుతుందని రోజూ అరిచేదీ తనే. మరి తెల్లారినప్పటినుంచీ కదులుతూనే ఉన్న ఒంటికి ఏం చెప్పాలి? పిల్ల మీద కోపం రావాలి. వచ్చింది కుళ్ళు. ఛీ, పదమూడేళ్ళ పిల్లని చూసి! అయినా వచ్చిన మాట నిజం. తనెందుకు ఒక్కనాడూ కడుపునొప్పి అనలేదు? నిజంగా నొప్పి ఉన్న రోజుల్లో కూడా అనలేదే! అనుంటే ఎవరు ఏమనేవారు? గ్రౌండులో పిల్లలు వరస చెదరగొట్టి ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతున్నారు. ఈల ఊదడం మర్చిపోయి నిలబడింది.

మధ్యాహ్నం హెడ్మాస్టారి గదిలో, ఆయన ఎదురుగానే ఫోన్ చేసింది.

"ఏం చేసిందండీ మా పిల్ల?" తల్లి కంగారుపడింది.

"ఏమీ చెయ్యలేదమ్మా."

"అయితే ఓ గంట ముందు పంపించెయ్యండి. బట్టలు నానబెట్టి ఉన్నాయి."

"కుదరదమ్మా, ఇవాళ్టినుంచి గంట ఆలస్యం. స్పెషల్ క్లాసు." ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఎవరికమ్మా స్పెషల్ క్లాసు?" హెడ్మాస్టారు తలెత్తారు.

"వెనకబడ్డవాళ్ళకి సార్."

ఆయన తలూపి మళ్ళీ కాగితాల్లో పడ్డారు. ఫోన్లో తల్లి "సర్లెండి, నేనే చూసుకుంటా" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు ఆమెకి గుచ్చుకుంది. ఆ గంట పని వెళ్ళి ఆ తల్లి నెత్తిన పడుతుంది కదా! మేలు చేసిందా, ఒకరి బరువు తీసి ఇంకొకరికెత్తిందా? కానీ గోడ నీడలో ఇంకో గంట ఊరికే కూర్చునే పిల్ల కళ్ళలో మెదిలింది, చెప్పిన మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

వరండాలోకొచ్చి మొగుడికి ఫోన్ చేసింది. "ఇవాళ్టినుంచి గంట ఆలస్యంగా వస్తాను. స్పెషల్ క్లాసుంది."

"మరి అమ్మకి టీ ఎవరు పెడతారు? అయినా ఆటలకి స్పెషల్ క్లాసేంటి, ఎవరికి?"

"నాకు," అంది.